బరోనా, హెర్బర్టా? రెండో సీజన్‌ను శాక్‌లతో కలిపి చూడండి

మీరు అడిగింది ఇదీ: 2021లో బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ (జట్టులో పాసులు విసిరేవాడు) జో బరోకీ, చార్జర్స్ క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ హెర్బర్ట్‌కీ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అది రెండో సీజన్. హెర్బర్ట్ 5,000 యార్డులు దాటినా అతని జట్టు ప్లేఆఫ్స్‌కు, అంటే నాకౌట్ దశకు, వెళ్లలేదు. బరో అంతకంటే తక్కువ యార్డులతో జట్టును సూపర్‌బౌల్ అనే ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. ఆ ఒక్క సీజన్ వరకే చూస్తే ఎవరు బాగా ఆడినట్టు? మీ ఆఫీసులో ఒకాయన "ఫైనల్‌కు వెళ్లినవాడే మేలు, ఇంకా వాదనెందుకు" అని తేల్చేశారని, మీకు అది మింగుడుపడలేదని రాశారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆ సీజన్‌లో బరోనే ఒక మెట్టు పైన ఉన్నాడు. కాకపోతే అందుకు కారణం సూపర్‌బౌల్ కాదు, తేడా కూడా జనం చెప్పుకునేంత పెద్దది కాదు. నేను ఇక్కడ ఒక హైస్కూల్ జట్టుకు మ్యాచ్ వీడియోలు కట్ చేసి కోచ్‌లకు అందించే వలంటీరు పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఒకే ప్లేని పదిసార్లు వెనక్కి తిప్పి చూడటం అలవాటైంది కాబట్టి, క్వార్టర్‌బ్యాక్‌ను గెలుపోటములతో కొలిస్తే ఊరుకోబుద్ధి కాదు.

ముందు ఆ గెలుపోటముల సంగతే చూద్దాం. 2021లో చార్జర్స్ 474 పాయింట్లు చేసింది, బెంగాల్స్ 460 చేసింది. అంటే పాయింట్లు ఎక్కువ చేసింది హెర్బర్ట్ జట్టే. అయినా చార్జర్స్ 9-8తో (9 గెలుపులు, 8 ఓటములు) ఇంటికెళ్లింది, బెంగాల్స్ 10-7తో డివిజన్ (నాలుగు జట్ల గ్రూపు) గెలిచింది. ఎందుకంటే చార్జర్స్ ఎదుటివాళ్లకు 459 పాయింట్లు ఇచ్చేసింది, బెంగాల్స్ ఇచ్చింది 376. ఆ 83 పాయింట్ల తేడాలో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌ల పాత్ర చాలా తక్కువ. చార్జర్స్ మీద ఎవరైనా సరే బంతి పట్టుకుని పరిగెత్తి యార్డులు దండుకునేవాళ్లు. అటు బెంగాల్స్‌లో ఆ ఏడాదే కొత్తగా వచ్చిన ట్రే హెండ్రిక్సన్ ఒక్కడే 14 శాక్‌లు చేశాడు, అంటే పాస్ వేసేలోపే ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాడు.

హెర్బర్ట్ సీజన్ ఎలా ముగిసిందో తెలియకపోతే ఈ పోలికే మొదలుపెట్టకూడదు. 2022 జనవరి 9, లాస్ వేగాస్‌లో రెయిడర్స్‌తో ఆఖరి లీగ్ మ్యాచ్. ఆ రోజు అంతకుముందే కోల్ట్స్ ఓడిపోవడంతో ఒక విచిత్రమైన పరిస్థితి వచ్చింది: ఈ మ్యాచ్ టై అయితే రెండు జట్లూ ప్లేఆఫ్స్‌కు వెళ్తాయి. మూడో క్వార్టర్‌లో మూడు పాయింట్లు వెనకబడి ఉండగా చార్జర్స్ కోచ్ బ్రాండన్ స్టేలీ సొంత 18 యార్డుల గీత దగ్గర, బంతిని దూరంగా తన్నించకుండా, ఫోర్త్ డౌన్ (పది యార్డులు దాటడానికి ఉండే నాలుగో, ఆఖరి ప్రయత్నం; తప్పితే బంతి అవతలివాళ్లది) ఆడించాడు. బంతితో పరిగెత్తిన ఎకెలర్‌ను ఆపేశారు, ఆ బంతితో రెయిడర్స్ పాయింట్లు చేసుకుంది. నాలుగో క్వార్టర్‌లో రెయిడర్స్ ఆధిక్యం 29-14కి వెళ్లింది.

అక్కడి నుంచి హెర్బర్ట్ ఆడిన ఆట నేను ఇప్పటికీ కుర్రాళ్లకు చూపిస్తుంటాను. ఫోర్త్ డౌన్, ఇంకా 21 యార్డులు కావాలి. విఫలమైతే సీజన్ అయిపోయినట్టే. ఎండ్ జోన్‌లో (మైదానం చివరి భాగం; బంతి అక్కడికి చేరితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు) ఉన్న జాష్ పామర్‌కు నేరుగా టచ్‌డౌన్ వేశాడు. ఆఖరి డ్రైవ్‌లో మళ్లీ మళ్లీ ఫోర్త్ డౌన్ వచ్చింది, వచ్చిన ప్రతిసారీ దాటించాడు. గడియారంలో సున్నా పడుతుండగా మైక్ విలియమ్స్‌కు టచ్‌డౌన్, కిక్‌తో 29-29. ఓవర్‌టైమ్‌లో రెండు జట్లూ చెరో ఫీల్డ్ గోల్ (గోల్‌పోస్టుల మధ్యకు తన్నే కిక్, మూడు పాయింట్లు) కొట్టాక రెయిడర్స్ చేతిలో బంతి ఉంది. 38 సెకన్లు మిగిలి ఉండగా స్టేలీ టైమ్‌అవుట్ తీసుకున్నాడు. తర్వాతి పరుగుకు బంతి ముందుకెళ్లింది, డేనియల్ కార్ల్‌సన్ 47 యార్డుల ఫీల్డ్ గోల్ కొట్టాడు. 35-32. హెర్బర్ట్ ఆ రాత్రి 64 పాసులు విసిరాడు, 383 యార్డులు, 3 టచ్‌డౌన్లు. కార్ల్‌సన్ కిక్ కొడుతుంటే అతను సైడ్‌లైన్ దగ్గర నిలబడి చూడటం తప్ప చేయగలిగిందేమీ లేదు. ఆ కిక్ పక్కకు పోయి ఉంటే హెర్బర్ట్ ప్లేఆఫ్స్‌లో ఉండేవాడు, అతని ఆటలో మాత్రం వెంట్రుకవాసి కూడా మార్పు ఉండేది కాదు. గెలుపు లెక్కతో తీర్పు చెప్పేవాళ్లకు నా సమాధానం ఆ ఒక్క మ్యాచే.

సరే, మరి బరో పైన ఎలా ఉన్నాడు?

మొత్తం యార్డులు చూడొద్దు. హెర్బర్ట్ 672 పాసుల్లో 5,014 యార్డులు, 38 టచ్‌డౌన్లు, 15 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు పట్టేసిన పాసులు). బరో 520 పాసుల్లో 4,611 యార్డులు, 34 టచ్‌డౌన్లు, 14 ఇంటర్‌సెప్షన్లు. పాసుల సంఖ్యలోనే 152 తేడా ఉంది. హెర్బర్ట్ 17 మ్యాచ్‌లూ ఆడాడు, బరో చివరి మ్యాచ్‌లో విశ్రాంతి తీసుకుని 16 ఆడాడు. క్రికెట్‌తో పెరిగిన మనకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది: మొత్తం యార్డులు పరుగులైతే, ఒక్కో పాస్‌కు వచ్చే సగటు స్ట్రైక్ రేట్. ఆ సగటు బరోకు 8.9, హెర్బర్ట్‌కు 7.5. పాస్ రిసీవర్‌కు (అందుకోవాల్సిన ఆటగాడికి) చేరిన శాతం బరోకు 70.4, హెర్బర్ట్‌కు 65.9. ఆ రెండింటిలోనూ బరోది ఆ ఏడాది లీగ్ మొత్తంలోనే మొదటి స్థానం. సాధారణంగా దూరం విసిరేవాడికి శాతం పడిపోతుంది, శాతం కాపాడుకునేవాడికి దూరం తగ్గుతుంది. రెండూ ఒకేసారి పైన ఉండటం అరుదు. మోకాలు చితికిన మరుసటి సీజన్‌లోనే ఒక కుర్రాడు అది చేసి చూపించాడు.

ఇక్కడితో ఆగితే బరో అభిమానులకు బాగానే ఉంటుంది. కానీ పాస్ సగటులో శాక్ లెక్కకు రాదు. పాస్ వేద్దామని వెనక్కి వెళ్లి, వేయకుండానే కింద పడితే ఆ ప్లే పాస్‌గా నమోదు కాదు, పోయిన యార్డులు సగటును తగ్గించవు. 2021లో బరో 51 సార్లు శాక్ అయ్యాడు, లీగ్‌లో అదే అత్యధికం. హెర్బర్ట్ 31 సార్లు. శాక్‌లను, వాటిలో పోయిన యార్డులను కలిపి సగటు తీస్తే బరో 8.9 నుంచి 7.4కు దిగుతాడు, హెర్బర్ట్ 7.5 నుంచి 6.8కు. 1.4 ఉన్న తేడా 0.6 అయిపోయింది. సగానికి పైగా కరిగిపోయింది. 0.6 కూడా చిన్నదేం కాదు, అందుకే బరో పైన అంటున్నాను. కానీ పాత 1.4ను చూసి "ఇద్దరికీ పోలికే లేదు" అనేవాళ్లు సగం లెక్కే చేస్తున్నారు.

దీనికి వెంటనే వచ్చే మాట, "శాక్‌లు బరో తప్పు కాదు, లైన్ (అతనికి ముందు నిలబడి కాపలా కాసేవాళ్లు) బాగాలేదు" అని. లైన్ బాగాలేని మాట నిజమే. కానీ శాక్ ఎప్పుడూ లైన్ ఒక్కదాని ఖాతాలోకే పోదు. బరో ఆటను స్నాప్ (ప్లే మొదలై బంతి అతని చేతికి వచ్చే క్షణం) నుంచి మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ చూడండి. మూడు దాటినా బంతి చేతిలోనే ఉన్న సందర్భాలు చాలా కనిపిస్తాయి. దగ్గర్లో ఖాళీగా ఉన్న మనిషికి ఐదారు యార్డుల పాస్ ఉంటుంది, అతను వేయడు. సైడ్‌లైన్ వెంట రిసీవర్ జమార్ చేజ్ డిఫెండర్‌ను దాటేదాకా ఇంకో క్షణం ఆగుతాడు. దాటితే 40, 50 యార్డులు. దాటకపోతే శాక్. ఆ 51 శాక్‌లలో అన్నీ కాకపోయినా కొన్ని, ఆ 8.9 సగటు ఒకే నిర్ణయంలోంచి వచ్చాయి. ఒకదాన్ని బరో ఖాతాలో రాసి, రెండోదాన్ని లైన్ ఖాతాలో రాయడం న్యాయం కాదు.

హెర్బర్ట్‌కు ఇదే తిరగేసి వర్తిస్తుంది. అతని చేయి లీగ్‌లోని బలమైన చేతుల్లో ఒకటి. 2021 డిసెంబర్ 12న జెయింట్స్ మీద, మొదటి సగం ముగియబోతుండగా జేలెన్ గైటన్‌కు వేసిన 59 యార్డుల టచ్‌డౌన్ వెతికి చూడండి. బంతి గాల్లోనే 60 యార్డులకు పైగా ప్రయాణించి, పరిగెడుతున్నవాడి చేతుల్లో పడింది. అంత చేయి ఉన్నవాడి సగటు 7.5 ఎందుకు? ఎందుకంటే ఆ ఏడాది వచ్చిన కొత్త ఆఫెన్స్ కోఆర్డినేటర్ జో లొంబార్డిది త్వరగా, దగ్గరగా వేయించే పద్ధతి. ఎకెలర్‌కు, కీనన్ ఆలెన్‌కు చిన్న పాసులు, చకచకా. అందుకే శాక్‌లు తక్కువ, ఇంటర్‌సెప్షన్లు కూడా పాసుల లెక్కన తక్కువ: హెర్బర్ట్‌వి వందకు 2.2, బరోవి 2.7. ఆ పద్ధతి హెర్బర్ట్ చేయిని కట్టేసిందని నా అభిప్రాయం. గైటన్ పాస్ లాంటివి వారానికి నాలుగు ప్రయత్నించే స్వేచ్ఛ అతనికి దొరికి ఉంటే ఇప్పుడు మనం ఇంకోలా మాట్లాడుకునేవాళ్లం.

ఈ రెండు దారులు ఎక్కడ విడిపోయాయో చెప్పడానికి ఒక తేదీ ఉంది: 2021 ఏప్రిల్ డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం). ఐదో నంబర్ దగ్గర బెంగాల్స్ ముందు ఇద్దరున్నారు. ఒకరు లైన్‌లో ఆడే లెఫ్ట్ టాకిల్ పెనే సూల్, ఇంకొకరు రిసీవర్ చేజ్. మోకాలు విరిగిన క్వార్టర్‌బ్యాక్‌ను పెట్టుకుని లైన్‌కు మనిషిని తీసుకోకుండా రిసీవర్‌ను తీసుకుంటారా అని అప్పట్లో పెద్ద రచ్చే జరిగింది. వాళ్లు చేజ్‌నే తీసుకున్నారు. 2019లో ఎల్‌ఎస్‌యూ కాలేజీ జట్టులో బరో ఒకే సీజన్‌లో 60 టచ్‌డౌన్ పాసులు వేసి, 15-0తో జాతీయ టైటిల్ గెలిచినప్పుడు అతని రిసీవర్ ఈ చేజే. బంతి ఎక్కడ వేస్తే ఎలా అందుకుంటాడో బరోకు కళ్లు మూసుకున్నా తెలుసు. చేజ్ మొదటి సీజన్‌లోనే 1,455 యార్డులు, 13 టచ్‌డౌన్లు చేశాడు. సూల్ ఏడో నంబర్‌కు డెట్రాయిట్ వెళ్లాడు. అతను ఒరెగాన్ కాలేజీ జట్టులో హెర్బర్ట్‌కే కాపలా కాసిన టాకిల్. చార్జర్స్ 13వ నంబర్ దగ్గర టాకిల్ రషాన్ స్లేటర్‌ను తీసుకుంది. అంటే ఒక జట్టు తన క్వార్టర్‌బ్యాక్‌కు ఆయుధం కొనిపెట్టింది, ఇంకో జట్టు రక్షణ. ఆ ఏడాది గణాంకాలన్నిటి వెనకా ఈ ఎంపికల నీడ ఉంది.

చేజ్ వల్లే బరో పైకి వచ్చాడని కొందరంటారు. అది పూర్తిగా ఒప్పుకోను. హెర్బర్ట్‌కు ఆలెన్, మైక్ విలియమ్స్ ఇద్దరూ వెయ్యి యార్డులు దాటారు, ఎకెలర్ ఏకంగా 20 టచ్‌డౌన్లు చేశాడు. అతనిదీ లేమి కాదు.

బరో గురించి నాకు నచ్చేది ఏమిటంటే, ధైర్యం ఎక్కడ చూపాలో అతనికి తెలుసు. 2022 జనవరి 2, చీఫ్స్‌తో మ్యాచ్. 31-31. చివరి నిమిషాలు. థర్డ్ డౌన్, 27 యార్డులు కావాలి. ఇలాంటి చోట తొంభై శాతం మంది చిన్న పాస్ వేసి, పంట్ కొట్టి (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకు అప్పగించి), డిఫెన్స్ మీద భారం వేస్తారు. అవతల చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ ఉన్నాడు, అతనికి బంతి ఇస్తే మ్యాచ్ పోయినట్టే. బరో సైడ్‌లైన్ వైపు చేజ్‌కు ఎత్తుగా వేశాడు. పక్కనే డిఫెండర్ ఉన్నాడు. చేజ్ అందుకున్నాడు, 30 యార్డులు. ఆ డ్రైవ్ ఫీల్డ్ గోల్‌తో ముగిసింది, 34-31తో డివిజన్ వాళ్లదైంది. ఆ రోజు బరో 446 యార్డులు, 4 టచ్‌డౌన్లు, ఒక్క ఇంటర్‌సెప్షన్ లేదు. అంతకుముందు వారమే రేవెన్స్ మీద 525 యార్డులు విసిరాడు. వరసగా రెండు వారాల్లో 971 యార్డులు, 8 టచ్‌డౌన్లు! డివిజన్ టైటిల్ చేతికందే వారాల్లో అంత నిబ్బరంగా ఆడటం నన్ను కట్టిపడేసింది. నా తీర్పులో ఆఖరి బరువు పడింది అక్కడే.

ఇద్దరూ ఎదురెదురుగా ఆడిన మ్యాచ్ కూడా ఉంది కదా అంటారు. ఉంది. 2021 డిసెంబర్ 5, సిన్సినాటిలో. చార్జర్స్ 41-22తో గెలిచింది. హెర్బర్ట్ 317 యార్డులు, 3 టచ్‌డౌన్లు. బరోకు మొదటి క్వార్టర్‌లోనే కుడిచేతి చిటికెన వేలు తొలగింది. విసిరే చెయ్యి అదే. 24-0తో వెనకబడిన జట్టును ఆ వేలితోనే 24-22 దాకా తెచ్చాడు. తర్వాత బెంగాల్స్ ఆటగాడు జో మిక్సన్ చేజార్చిన బంతిని చార్జర్స్ డిఫెండర్ అందుకుని టచ్‌డౌన్ దాకా పరిగెత్తాడు, ఇక అయిపోయింది. ఆ రోజు బాగా ఆడింది హెర్బర్టే, సందేహం లేదు. కానీ ఒక్క మ్యాచ్‌తో, అందులోనూ ఒకరి వేలు తొలగిన మ్యాచ్‌తో, సీజన్ మీద తీర్పు ఇవ్వలేం.

ఇద్దరూ రెండో సీజన్‌లోకి ఎలా వచ్చారో కూడా గుర్తుంచుకోవాలి. వాళ్ల మొదటి ఏడాది 2020. కోవిడ్ వల్ల ప్రీసీజన్ మ్యాచ్‌లే లేవు. బరో మొదటి రోజు నుంచే ఆడి, నవంబర్ 22న వాషింగ్టన్‌తో మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్లు తెగి పది మ్యాచ్‌లతో ఆగిపోయాడు. హెర్బర్ట్ అసలు ఆడాల్సిన మనిషే కాదు. రెండో వారం మ్యాచ్‌కు ముందు, అప్పటి చార్జర్స్ మొదటి క్వార్టర్‌బ్యాక్ టైరాడ్ టేలర్‌కు నొప్పి తగ్గడానికి ఇచ్చిన ఇంజెక్షన్ ఊపిరితిత్తికి తగిలింది. ఇక నువ్వే ఆడాలి అని కాసేపట్లో మ్యాచ్ మొదలవుతుందనగా హెర్బర్ట్‌కు చెప్పారు. అక్కడి నుంచి 31 టచ్‌డౌన్ పాసులతో కొత్త ఆటగాళ్ల రికార్డు కొట్టాడు. అలాంటి ఏడాది తర్వాత కోచ్‌ను, ప్లేబుక్‌ను మార్చి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోమన్నారు. బరో మోకాలిని తిరిగి కట్టుకోవాల్సి వచ్చినా బెంగాల్స్ కోచ్ జాక్ టేలర్ పద్ధతి మారలేదు, చుట్టూ ఉన్న భాష మారలేదు. ఇద్దరిలో ఎవరి కష్టం ఎక్కువో తూకం వేయలేను గానీ, హెర్బర్ట్ 2021 లెక్కలను కొత్త ప్లేబుక్ మొదటి ఏడాది లెక్కలుగా చదవాలి.

ఇంకో చిన్న హెచ్చరిక. అమెరికాలో మనవాళ్లు చాలామంది ఫాంటసీ లీగ్‌ల ద్వారానే ఈ ఆటకు అలవాటు పడ్డారు. చాలా ఫాంటసీ లీగ్‌లలో శాక్‌కు కోత ఉండదు, ఎన్ని పాసులు వేశాడో అడగరు, మొత్తం యార్డులకే పాయింట్లు. పరుగులో కూడా హెర్బర్ట్ 302 యార్డులు, 3 టచ్‌డౌన్లు చేశాడు, బరో 118 యార్డులు, 2. కాబట్టి 2021లో ఫాంటసీ జట్టుకు హెర్బర్టే లాభం. కానీ ఆ పాయింట్లు చూసి ఎవరు బాగా ఆడారని తేల్చకండి.

ఇక ప్లేఆఫ్స్. టైటన్స్ మీద బరో 9 సార్లు శాక్ అయ్యాడు, అయినా 19-16తో గెలిచారు. అది అతని ఓర్పుకు గుర్తే, కానీ ఆ మ్యాచ్‌లో డిఫెన్స్ మూడు ఇంటర్‌సెప్షన్లు తీయకపోతే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. చీఫ్స్‌తో 21-3తో వెనకబడి ఓవర్‌టైమ్‌లో 27-24తో గెలిచినప్పుడు, రెండో సగంలో బెంగాల్స్ డిఫెన్స్ మహోమ్స్ జట్టుకు ఇచ్చింది మూడే పాయింట్లు. ఆ వారాల్లో హెర్బర్ట్ వెనక అలాంటి డిఫెన్స్ ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. ఫైనల్లో, హెర్బర్ట్ సొంత మైదానమైన సోఫై స్టేడియంలోనే, బరో 7 సార్లు శాక్ అయ్యాడు. ఫోర్త్ డౌన్, ఒక్క యార్డు కావాల్సిన ఆఖరి ప్లేలో రామ్స్ డిఫెండర్ ఆరన్ డొనాల్డ్ అతన్ని పట్టి తిప్పేశాడు, బంతి నేలపాలైంది. రీప్లేలో చూస్తే అవతల చేజ్ డిఫెండర్‌ను దాటి ఖాళీగా పరిగెడుతున్నాడు. ఆ సీజన్‌లో బరో ఎంచుకున్న దారి లాభమూ, దాని ఖరీదూ రెండూ ఆ ఒక్క ప్లేలో కనిపిస్తాయి.

డిఫెన్స్ మాట నేను ఊరికే పట్టుకుని వేలాడుతున్నానని మీ ఆఫీసాయన అంటే, 2024 సీజన్ చూపించండి. ఆ ఏడాది బరో 4,918 యార్డులు, 43 టచ్‌డౌన్లతో లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్నాడు, ఇంటర్‌సెప్షన్లు 9 మాత్రమే. 2021 కంటే బాగా ఆడాడు. జట్టు 9-8, ప్లేఆఫ్స్ లేవు, కారణం డిఫెన్స్. అచ్చం 2021లో హెర్బర్ట్‌కు జరిగిందే. అదే 2024లో హెర్బర్ట్ జట్టు 11-6తో ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. రెగ్యులర్ సీజన్ అంతా కలిపి మూడే ఇంటర్‌సెప్షన్లు వేసిన హెర్బర్ట్, హ్యూస్టన్‌లో ఆ ప్లేఆఫ్ మ్యాచ్ ఒక్కదానిలోనే నాలుగు వేశాడు. ఆ ఓటమి మాత్రం డిఫెన్స్ మీదికి నెట్టను. అది పూర్తిగా అతనిదే.

మీకు సమయం ఉంటే రెండు మ్యాచ్‌లు పూర్తిగా చూడండి: బరోది చీఫ్స్‌తో జనవరి 2 నాటిది, హెర్బర్ట్‌ది రెయిడర్స్‌తో జనవరి 9 నాటిది. చూసేటప్పుడు బంతి వెంట కాకుండా, స్నాప్ అయిన క్షణం నుంచి క్వార్టర్‌బ్యాక్ పాదాల మీద కన్నుంచండి. ఒత్తిడి వచ్చినప్పుడు బరో పాకెట్‌లో (లైన్ కాపాడే చిన్న చోటులో) అడుగు అడుగుగా జరుగుతూ చివరిదాకా చూస్తాడు. హెర్బర్ట్ పాదాలు కుదురుకోకుండానే చేతి బలంతో బంతి వదిలేస్తాడు, అయినా అది చేరాల్సిన చోటికే చేరుతుంది. రెండూ చూశాక కూడా హెర్బర్టే మేలని మీకు అనిపిస్తే నేను వాదించను. ఆ 0.6 యార్డు ఎవరి వల్ల వచ్చిందన్న దగ్గర మనం విడిపోతాం, అంతే.